నాసిక్‌లో రెండ్రోజులు: ముందు గుడి, తర్వాతే తోట

నాసిక్ వెళ్దామా అంటే అమ్మ మారు మాట లేకుండా సరేనంది. త్రయంబకేశ్వరం, పంచవటి, గోదారి పుట్టిన చోటు... రాజమండ్రి మనిషికి ఇంకేం కావాలి? నా లిస్టులో మాత్రం ఇంకోటి ఉంది. ద్రాక్షతోటలో వైన్ టేస్టింగ్. అది బయటపెట్టడానికి నాకు మూడ్రోజులు పట్టింది.

మా నాన్న తాగేవాడు. ఇంతకంటే చెప్పక్కర్లేదు, అలాంటి ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి అర్థమైపోతుంది. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పటికీ ఇంట్లో ఖాళీ సీసా కనపడితే అమ్మ మూత తీసి వాసన చూస్తుంది, అది ఫినాయిల్ సీసా అయినా సరే.

"నువ్వు తాగుతావా?" అంది.

"రుచి చూస్తానమ్మా, అంతే."

కాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే ముందు గుడి. అదయ్యాకే నీ తోట," అంది.

ప్లాన్‌లో మొదటి రూల్ అలా అమ్మే పెట్టింది. వెళ్ళొచ్చాక చెప్తున్నా, అదే కరెక్ట్ ఆర్డరు. సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లారకముందే నాసిక్ రోడ్ స్టేషన్‌లో దింపేస్తుంది. రూములో స్నానం చేసి నేరుగా త్రయంబకం వెళ్ళిపోవచ్చు, ఊరి నుంచి 30 కిలోమీటర్ల లోపే. సోమవారం మాత్రం పెట్టుకోకండి, క్యూలోనే రోజు గడిచిపోతుంది. గుడి వెనక బ్రహ్మగిరి కొండ, గోదారి పుట్టింది అక్కడే. మెట్లెక్కే ఓపిక అమ్మకి లేదు, కిందనుంచే దణ్ణం పెట్టుకుంది.

సాయంత్రం పంచవటిలో రామకుండం దగ్గర నిలబడి నదిని చూసి నవ్వేసింది. "ఇదేంటే, ఇక్కడ చీర ఆరేస్తే అవతలి ఒడ్డుకి తగిలేలా ఉంది!" మొత్తం 1,465 కిలోమీటర్ల నడకలో మన దగ్గరికొచ్చేసరికి అదెంత పెద్దదవుతుందో ఇక్కడ చూస్తేనే తెలుస్తుంది. 2027లో మనకి గోదావరి పుష్కరాలు, అదే ఏడు వాళ్ళకి సింహస్థ కుంభమేళా. తీరిగ్గా చూడాలంటే ఆ రద్దీకి ముందో తర్వాతో వెళ్ళండి.

ఇక తిండి. నాసిక్ వెళ్ళి మిసల్ పావ్ తినకుండా రాకూడదు. మొలకెత్తిన గింజల కూర, పైన కరకరలాడే ఫర్సాన్, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, పక్కన పావ్, అప్పడం, పెరుగు. ఎర్రగా నూనె తేలే రస్సా విడిగా ఇస్తారు. అది ఎంత పోసుకోవాలో మీ ఇష్టం, మీ కడుపు ఇష్టం. ఇది పొద్దుటి తిండి, సాయంత్రం వెతికితే చాలాచోట్ల దొరకదు. నేను చేసిన తప్పు మీరు చేయకండి: వైనరీకి వెళ్ళే రోజు మిసల్ తిన్నాను. నాలుక మధ్యాహ్నం దాకా మండుతూనే ఉంది. మిసల్ మొదటిరోజుకి పెట్టుకుని, రెండోరోజు పోహాతో సరిపెట్టుకోండి. అలాగని ఖాళీ కడుపుతో మాత్రం టేస్టింగ్‌కి వెళ్ళొద్దు. బయటి తిండి లోపలికి రానివ్వరు, అక్కడ దొరికేవి ఎక్కువగా పిజ్జా, పాస్తా. మా అమ్మ పులిహోర డబ్బా క్యాబ్‌లోనే ఉండిపోయింది.

క్యాబ్ అంటే గుర్తొచ్చింది. మీరు తాగే పనైతే బండి మీరు నడపొద్దు. తోటల దగ్గర తిరుగు బండి దొరకడం కష్టం, అందుకే వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోండి. ఆరోజు డ్రై డే కాదని కూడా చూసుకోండి.

గంగాపూర్ డ్యామ్ వైపు వైనరీలు చాలా ఉన్నాయి. అందరికీ తెలిసింది రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన సులా. వాళ్ళ మొదటి వైన్ 2000లో వచ్చింది. మేం ఆ జనం వద్దనుకుని ఓ చిన్నదానికి వెళ్ళాం. జనవరి నుంచి మార్చి దాకా కోతలు, గుత్తులు తీగ మీదే చూడొచ్చు. వైన్ ద్రాక్ష చిన్నగా, మందం తొక్కతో, గింజలతో ఉంటుంది. ఇక్కడ గట్టి చలి లేదు కాబట్టి తీగ నిద్రపోదట. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, పంట మాత్రం ఒక్కసారే తీస్తారు. మొక్కల గురించనేసరికి అమ్మ ముందుకొచ్చి, తనకొచ్చిన హిందీలో గైడుని ప్రశ్నలతో చంపేసింది.

తర్వాత స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాలు. ఆ గదిలో పులిసిన వాసనకి అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. బయటికెళ్ళిపోదామా అన్నాను. తల అడ్డంగా ఊపింది.

టేబుల్ మీద నాకు ఐదు గ్లాసులు పెట్టారు, ఒక్కోదాంట్లో రెండు గుక్కలు. మొదటిది షెనిన్ బ్లాంక్. గ్లాసు తిప్పి, వాసన చూసి, చిన్న గుక్క తీసుకోవాలి. అమ్మ గ్లాసుని కాదు, నన్ను చూస్తోంది. గొంతు దిగడం కష్టమైంది, మిసల్ వల్ల కాదు.

మధ్యలో చిన్న బకెట్ లాంటిది ఉంది. అదెందుకని అమ్మ అడిగింది. చాలనిపిస్తే మిగిలింది అందులో పోసేయొచ్చని గైడు చెప్పాడు.

"పారబోస్తారా?" అంది అమ్మ, నావైపు తిరిగి. "మీ నాన్న చుక్క వదిలేవాడు కాదు."

రెండో గ్లాసు సగంలో ఆపేశాను. నాకు చాలు, నిజంగానే. మిగిలింది బకెట్‌లో పోశాను. అమ్మ కొంగు సర్దుకుని మూడో గ్లాసు తీసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, మొహం చిట్లించి మొత్తం బకెట్‌లో ఒంపేసింది. తర్వాత నాలుగోది. తర్వాత ఐదోది.

గైడు కంగారుగా, "మేడమ్, బాలేదా?" అన్నాడు.

"బాగానే ఉంది బాబూ," అంది అమ్మ తెలుగులోనే. "పదవే, పులిహోర పాడైపోతుంది."