ద్వీపమున పంతులమ్మ తీరిక వేళలు

ద్వీపమనగా ఇరువైపుల నీరు గలదని వ్యుత్పత్తి చెప్పుదురు. పురాణములలో సప్తద్వీపముల వర్ణన చదువునపుడు వాని వైశాల్యమును, వానిని చుట్టిన పాలసముద్రమును, చెరకురసపు సముద్రమును మనకు తోచును గాని, అట్టి చోట ఇరువదినాలుగేండ్ల పిల్ల యొకతె ఒంటరిగా నుండి, ఉదయమున బడిలో లెక్కలు చెప్పి, మధ్యాహ్నము మొదలు రాత్రి వరకు గల కాలము నేమి చేసికొనునను ప్రశ్న తోచదు. మాకీ ప్రశ్న ఇంటిలోనే పుట్టినది.

మా చిన్నమామగారు ముప్పదియేండ్ల క్రిందట శ్రీకాకుళము జిల్లా నుండి అండమాను దీవులకు పోయి పోర్టు బ్లెయిరులో స్థిరపడిరి. ఆ పట్టణమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. కాని మా చిన్నమామగారి నోట నింకను పాతపేరే వెడలును. అక్కడ తెనుగువారు కొత్తవారు కారు. 2011 జనగణనము నాటికే ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదుమూడుగురు. జంగ్లీఘాటు రేవున చేపల తట్టల నడుమ నిలిచి చెవియొగ్గినచో మన కళింగపట్నము తీరముననే యున్నట్లుండును. చిన్నమామగారి కూతురు, అనగా మా ఆడుబిడ్డ, అక్కడనే పుట్టి, అక్కడనే చదివి, రెండేండ్ల క్రిందట షహీద్ ద్వీపమునందలి బడిలో పంతులమ్మగా కుదిరినది.

ఉద్యోగము చేయుట చిన్నత్తగారికి అయిష్టము కాదు. ఆమె బెంగ యంతయు బిడ్డ తీరికను గూర్చియే. “బడి ఉన్నంతసేపూ పిల్లలుంటారు. ఆ తరువాత పొద్దల్లా ఒక్కతే ఏం చేస్తుందే అమ్మాయీ? ఆ నీళ్ల వంక చూస్తూ కూర్చుంటుందా?” అని గత సంక్రాంతికి మేము పోయినపుడు మమ్మడిగిరి. నీళ్లనిన ఆమెకు భయము కలుగుటకు కారణము లేకపోలేదు. 2004 డిసెంబరు 26వ తేదీ నాటి ఉప్పెనలో, మూడేండ్లు నిండని ఈ బిడ్డనే చంకనిడుకొని, కట్టుబట్టలతో మెరకకు పరుగిడినారట. ఆనాటి భూకంపమున పోర్టు బ్లెయిరు పరిసరపు నేల క్రుంగిపోయెను. సిప్పీఘాటు వైపు వరిపొలములలో జొచ్చిన ఉప్పునీరు మరల వెనుకకు పోలేదు. ఇప్పటికిని ఆ బాటను పోవుచు చూడవచ్చును.

ఇది గాక, హైదరాబాదు నుండి యొక సంబంధము వచ్చియుండెను. వరుడు యోగ్యుడే. పిల్ల ఉద్యోగము మానుకొని రావలెనని మాత్రము వారి కోరిక. “నీ మాటయితే వింటుంది, వెళ్లి చూసి రా” అని చిన్నత్తగారు మమ్ము పంపిరి. చిన్నమామగారికి కంటి శుక్లముల చికిత్స జరిగి యుండుటచే మావారు వారికి తోడుగా పట్టణముననే నిలిచిరి. మేమొక్కరమే పడవ యెక్కితిమి.

పోర్టు బ్లెయిరు నుండి ఆ దీవి నలువది కిలోమీటర్ల లోపే. సర్కారు పడవలో రెండు గంటల ప్రయాణము. దానికి పూర్వపు పేరు నీల్ ద్వీపము. 1857నాటి పోరాటమున క్రౌర్యమునకు పేరుపడిన ఆంగ్ల సేనాని పేరది. 1943 డిసెంబరు 30వ తేదీన నేతాజీ పోర్టు బ్లెయిరులో జెండా నెత్తెను. డెబ్బదియైదేండ్లకు, అనగా 2018లో, అదే తేదీన ఈ దీవికి షహీద్ ద్వీపమని పేరిడిరి. 1960 దశకమున తూర్పు బెంగాలు కాందిశీకులను అక్కడ నిలిపిరి. వారు తమ పల్లెలకు రామనగరము, సీతాపురము, భరతపురము, లక్ష్మణపురము అను పేర్లు పెట్టుకొనిరి. సీతాపురము తూర్పు కొనను, లక్ష్మణపురము పడమటి కొనను గలవు. శత్రుఘ్నుడు మాకు కానరాలేదు. ఊర్మిళ పేరును లేదు. అయితే ఊర్మి యనగా అలయే గనుక, ఆమె దీవి చుట్టు నున్నదని సరిపెట్టుకొంటిమి.

నేల చదునుగా నుండును. కాయగూరలు విరివిగా పండును. పోర్టు బ్లెయిరు అంగళ్లకు వంకాయ, అరటి, బీర ఇక్కడి నుండి పడవ యెక్కిపోవును. మా ఆడుబిడ్డ యిల్లు రెండు గదులది. ముందు అరుగు, వెనుక కొబ్బరిచెట్లు. ప్రక్కయింట బెంగాలీ వృద్ధురాలు గలదు. ఆమెను మా పిల్ల ‘మాషీమా’ యని పిలుచును. ఫోను అరుగు చివర నిలిచినపుడే పలుకును.

అచ్చటి దినచర్య తెలిసికొనుటకు ముందు అచ్చటి గడియారము సంగతి తెలియవలెను. మన దేశపు కాలము 82½ డిగ్రీల రేఖాంశము ననుసరించి యేర్పడినది. ఆ రేఖ మన కాకినాడ చేరువగా పోవును. ఈ దీవి 93 డిగ్రీల దగ్గర నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున సూర్యుడు మనకంటె నలువది నిమిషములకు పైగా ముందే వచ్చి, ముందే పోవును. గడియారము మాత్రము మనదే. అందుచే పుష్యమాసమున అయిదుంబావుకే ప్రొద్దు గ్రుంకును. ఆరు గంటలకు చీకటి. బడి రెండింటికి ముగియును. కాబట్టి ఆ పిల్లకు మిగులు వెలుగు మూడు గంటలే. చిన్నత్తగారు ‘పొద్దల్లా’ యనిరి గాని, ఆ మూడు గంటలు చాలక మా ఆడుబిడ్డ పరుగులిడుట మేము చూచితిమి.

బడి నుండి రాగానే అన్నము తిని, సైకిలెక్కి పోవును. ఎచ్చటికని యడిగితిమి. “పాటును బట్టి వదినా” యనెను. పోటు పాటు లను ఆ మాటలు తండ్రి వలన నేర్చినవి. దినమునకు రెండుమారులు సముద్రము పొంగి రెండుమారులు తీయును. నేడు తీసిన వేళకంటె రేపు సుమారు ఏబది నిమిషములు ఆలస్యముగా తీయును. ఏలననగా చంద్రుడు దినదినమును అంతే ఆలస్యముగా నుదయించును. మన లెక్కలో నిది రెండు గడియలు. అమావాస్యకును పూర్ణిమకును సూర్యచంద్రుల ఆకర్షణము కలిసి పోటుపాట్లు మిక్కుటమగును, అష్టమి ప్రాంతమున తగ్గును. ఆమె యొద్ద అచ్చుపడిన పోటుపాట్ల పట్టిక కలదు. మా సంచిలో పంచాంగము కలదు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి సరిచూచితిమి. తిథిని బట్టి మేము చెప్పిన వేళకును పట్టికకును పావుగంట భేదము మాత్రమే వచ్చెను. చిన్ననాడు మా తాతగారు తిథి వార నక్షత్రములు వల్లె వేయించినది సముద్రపు టొడ్డున పనికివచ్చునని మే మనుకొనలేదు. మా ఆడుబిడ్డ అప్పటికప్పుడు ఆ లెక్కను పుస్తకములో వ్రాసికొని మరునాడు తరగతిలో చెప్పినది.

పుష్యమాసపు టమావాస్యనాడు లక్ష్మణపురము ఒడ్డునకు మమ్ము తోడ్కొనిపోయెను. వెంట నలుగురైదుగురు బడిపిల్లలు, వారిలో ఇద్దరు ఆడపిల్లలు. సముద్రము ఇంచుమించు రెండు మీటర్లు తీసి, నీటియడుగున నుండు రాతినేల బయల్పడియుండెను. దాపుననే పగడపురాయిని అలలు తొలిచి వంతెనవలె చేసినవి. దానికి జనులు హౌరా వంతెన యని పేరుపెట్టిరి. బెంగాలీలు తమ యూరిని మరువలేదు. రాళ్ల సందుల నిలిచిన గుంటలలో నెన్ని జీవములో! దోసకాయవలె నిడుపైన నల్లనివి, అయిదు రేకుల నక్షత్రము వంటివి, నోరు తెరచి నీలపు పెదవులు చూపు పెద్ద ఆలిచిప్పలు. పాదము పెట్టుటకు ముందు చూచుకొనవలెనని ఆరేండ్ల పిల్లవాడొకడు మాకు బోధించెను. ఎవరును దేనిని పెకలింపరాదు, ఇంటికి కొనిపోరాదు. చట్టము గలదు, అంతకు మించి పంతులమ్మ కోపము గలదు. ఇసుకలో పరుల గుల్లలలో దూరి బ్రతుకు ఎండ్రకాయలుండును. ఒడలు పెరిగినకొలది అవి పెద్దగుల్లను వెదకుకొని ఇల్లు మారును. వచ్చిన యాత్రికు లందరును వట్టిగుల్ల లేరుకొనిపోయిన నవి యెక్కడ దూరవలెను?

పగడములు రాళ్లు కావు, ప్రాణులని మాకు తెలియును గాని, వాని రంగు వానిలో కాపురముండు సూక్ష్మమైన నాచువలన కలుగునని ఆ దినమే తెలిసినది. నీరు మితిమీరి వేడెక్కిన పగడము ఆ నాచును వెలిగ్రక్కును. తెల్లబారి, వేడి తగ్గనిచో చచ్చును. 2010లోను 2016లోను అండమాను పగడముల కట్లే జరిగినది. పిల్లలు నెలనెలా అవే గుంటలు చూచి, ఏది యే రంగున నున్నదో బొమ్మ గీయుదురు. రెండేండ్ల బొమ్మలు ఒక ట్రంకుపెట్టెలో దాచబడియున్నవి. ఈ పని చేయుమని ఆమె కెవ్వరును చెప్పలేదు; జీతములో నిది చేరదు. బడిపంతులు తీరికయనగా దిద్దవలసిన కాగితముల కట్ట యని పదునైదేండ్లుగా కాపురము చేసి యెరిగినవారము గావున, ఈ తీరిక మాకు వింతగా తోచెను.

అంతయు నందమే యని చదువరులైన సోదరీమణులకు చెప్పజాలము. సాయంకాలము తడియిసుకలో కంటికానని యీగలు కుట్టును. ఆ దద్దురులు పదిదినములు దురదపెట్టెను. కొబ్బరినూనె రాచితిమి, కొంత మేలు. పోర్టు బ్లెయిరు చేరువ ఒడ్డులలో మొసళ్లు గలవని పలకలు పాతియుండుట చూచి గుండె ఝల్లుమన్నది. వానకాల మన్ననో మే మాసము మొదలు నవంబరు దాటు వరకును. యేటికి సుమారు మూడువేల మిల్లీమీటర్ల వర్షము. గాలి లేచిన పడవలు నిలిచిపోవును.

రాత్రి అరుగుమీద కూర్చుండి ఆమె యీ సంగతి తానే యెత్తెను. “వానాకాలపు తీరిక వేరు వదినా. మొదటి యేడు శ్రావణంలో జ్వరం వచ్చింది. నాలుగు రోజులు పడవ లేదు. అమ్మతో చెప్పలేదు. మాషీమా పప్పూ బియ్యమూ కలిపి వండి తెచ్చి, రాత్రి ఇక్కడే పడుకుంది. ఆ నాలుగు రోజులూ ఏడ్చాను. అయిదోనాడు పడవ వచ్చింది. ఎక్కి వెళ్లిపోదామని సంచి కూడా సర్దాను.”

“మరేల పోలేదు?” అంటిమి.

“జ్వరం తగ్గింది. ఆ రోజు పిల్లలకు పరీక్ష” అని నవ్వెను.

తరువాత నాయనమ్మ పాడెడు ఊర్మిళాదేవి నిద్ర పాట వచ్చునాయని యడిగెను. వచ్చినంత పాడితిమి. పదునాలుగేండ్లు మగడు లేని యిల్లాలికి నిద్రయే గతియని స్త్రీలు పాటకట్టుకొనిరి. మేల్కొనియున్నచో ఆమె యేమిచేసెడిదో యెవరును పాడలేదు. మా ఆడుబిడ్డ తెలుగు చక్కగా మాటలాడును గాని చదువనేరదు. బడిలో హిందీ, ఇంగ్లీషు, ఇప్పుడు బెంగాలీ. ఉన్న తొమ్మిది రాత్రులలో ఓనమాలు మొదలు గుణింతముల వరకు చెప్పితిమి. పదవనాటికి పంచాంగములో ‘అష్టమి’ యను మాట కూడబలుకుకొని చదివెను.

సంబంధము మాట కడపటి రాత్రి గాని మేమెత్తలేదు. ఆమె వినెను. అబ్బాయిని వద్దనలేదు. “ఉద్యోగం మానమన్నారు సరే, మానాక మధ్యాహ్నం రెండు నుంచి నేనేం చేయాలో అడిగారా వదినా?” అనెను. మేమడుగలేదంటిమి. “అయితే అడగండి. అబ్బాయినే అడగండి. ఆయన్ను ఒకసారి అమావాస్యకు రమ్మనండి, చూసి చెప్పమనండి.” హాస్యమో నిజమో తెలియక మొగము వంక చూచితిమి. నిజమే.

మరునాటి పడవలో తిరిగి వచ్చి చిన్నత్తగారికి కన్నది కన్నట్లు చెప్పితిమి. బొమ్మల పెట్టె సంగతి, మాషీమా సంగతి, వరుని రమ్మన్న సంగతి. జ్వరము మాట మాత్రము ఆమె సొత్తు గావున మేము చెప్పలేదు. చిన్నత్తగారు చాలసేపు బియ్యములో రాళ్లు ఏరుచు మాటాడరైరి. పిమ్మట, “ఆ కుర్రాణ్ణి రమ్మని మీ మామగారిచేత రాయిస్తాను. వస్తే వస్తాడు” అనిరి. మరల కొంతసేపటికి చేట దించి, “రాత్రి వేసుకునే గడియ గట్టిదేనా?” అని యడిగిరి.

గట్టిదే. తొమ్మిది రాత్రులును మేమే వేసితిమని చెప్పితిమి.