ముప్పై వస్తోంది, అరవై రావాలి

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటుందే గానీ పేజీ తిరగదు. ఎంతో ఇష్టమైన అరిసెలు కూడా డబ్బాలో అలాగే ఉన్నాయి. కనుమ రాత్రి వంటిల్లు సర్దుకుని వస్తుంటే డైనింగ్ టేబుల్ దగ్గర వెక్కుతూ కనిపించింది.

"ఏమైంది తల్లీ?"

"మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ముప్పై డిగ్రీలే వస్తోంది. వెనక ఆన్సర్ అరవై ఉంది. నాకు లెక్కలు రావమ్మా, నీ పోలికే వచ్చింది. నువ్వూ లెక్కలు రాకే కదా డిగ్రీ మానేశావ్!"

నన్ను బాధపెట్టాలని అన్న మాట కాదది. నేను నేర్పిందే. డిగ్రీ ఎందుకు మానేశావని ఎవరడిగినా "నాకెక్కడ వస్తాయండీ లెక్కలు" అని నవ్వేసేదాన్ని. సెకండియర్‌లో ఉండగా సంబంధం వచ్చింది, పరీక్షలయ్యే దాకా ఆగుదామని ఒక్కరూ అనలేదు, నేనూ గట్టిగా అడగలేదు. అదంతా చెప్పుకోవడం కంటే లెక్కలు రావనడం తేలిక. ఇరవై రెండేళ్ళుగా అదే చెబుతూ వచ్చాను. ఇప్పుడు నా కూతురు దాన్ని తనకి వచ్చిన పోలికనుకుంటోంది.

"ఏదీ, లెక్క చదువు" అన్నాను పక్కన కూర్చుంటూ.

నమ్మకం లేకుండానే చదివింది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ మైనస్ నాలుగు ఎక్స్ మైనస్ ఆరు వై ప్లస్ నాలుగు ఈజీక్వల్టు సున్నా. ఈ వృత్తానికి (8, 3) అనే బిందువు నుంచి గీసిన రెండు స్పర్శరేఖల మధ్య కోణం ఎంత?

"కేంద్రం ఎక్కడ?"

ఎక్స్ పక్కనున్న అంకెలో సగం, వై పక్కనున్న అంకెలో సగం, గుర్తులు మార్చి రాస్తే (2, 3). నాలుగూ తొమ్మిదీ కలిపి, చివరి నాలుగు తీసేస్తే తొమ్మిది. దాని వర్గమూలం మూడు, అదే వ్యాసార్థం. చకచకా చెప్పేసింది. రాదనుకున్న పిల్లకి ఇదంతా వచ్చు!

"బొమ్మ ఏదీ?"

"బొమ్మ గీసే టైమ్ ఎక్కడుంటుందమ్మా? ఈఏపీసెట్‌లో లెక్కలే ఎనభై. ఫార్ములా పెట్టి చేసేయాలి."

పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, నా చేతి గాజు తీసి దాని మీద పెట్టాను. నాది టూ సిక్స్ సైజు, లోపలి కొలత దాదాపు ఆరు సెంటీమీటర్లు. లోపలి అంచు వెంట గీస్తే సరిగ్గా మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం.

"మరి కేంద్రం ఎలా తెలుస్తుంది?" అంది.

పోస్ట్‌కార్డంత అట్టముక్క తీసుకుని దాని మూల వృత్తం మీద ఆనించాను. రెండంచులూ వృత్తాన్ని దాటిన చోట చుక్కలు పెట్టి కలిపితే అదే వ్యాసం. అర్ధవృత్తంలో కోణం తొంభై అని టెన్త్‌లోపే చదివినదే, దాన్ని వెనక్కి తిప్పి వాడానంతే. ఇంకోచోట మళ్ళీ అలాగే గీస్తే రెండు గీతలూ కలిసిన చోటు కేంద్రం.

"అమ్మా, ఇది నీకెలా తెలుసు?"

జవాబు చెప్పకుండా కేంద్రం నుంచి ఆరు సెంటీమీటర్ల దూరంలో చుక్క పెట్టాను. (2, 3) నుంచి (8, 3)కి దూరం ఆరే కదా. చీపురు నుంచి రెండు పుల్లలు తెచ్చి, ఆ చుక్క దగ్గర్నుంచి వృత్తానికి అటొకటి ఇటొకటి తాకేలా పెట్టాను. కేంద్రం నుంచి చుక్కకి, కేంద్రం నుంచి పుల్ల తాకిన చోటుకి గీతలు గీశాను. తాకిన చోట తొంభై డిగ్రీలు. కర్ణం ఆరు, ఎదుటి భుజం మూడు. సగం. అంటే ముప్పై.

"చూశావా, ముప్పయ్యే!" అంది.

"ఆ ముప్పై ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

వేలు పెట్టింది. పై పుల్లకీ మధ్య గీతకీ నడుమ. కాసేపు అలాగే ఉంచి, "కింద ఇంకో ముప్పై ఉంది" అంది మెల్లగా. తర్వాత నోట్‌బుక్ తిరగేసి, ఫార్ములాలో టాన్ తీటా బై టూ ఉండాల్సిన చోట టాన్ తీటా అని బట్టీపట్టిందని తనే పట్టుకుంది. తప్పు ఆ ఒక్క 'బై టూ' దగ్గరే.

ఆ తర్వాత పుల్లలతో ఆడుకుంది. చుక్క దూరం జరిపితే కోణం చిన్నదవుతోంది, దగ్గరికి తెస్తే విచ్చుకుంటోంది. లోపలికి తెస్తే పుల్లలు తాకడం లేదు, కోస్తున్నాయి. "అందుకేనా ఎస్ వన్ వన్ మైనస్ వస్తే స్పర్శరేఖలు లేవంటారు!" అంది. రెండు పుల్లల మధ్య తొంభై రావాలంటే చుక్క ఎక్కడుండాలని అడిగాను. ఐదు నిమిషాలు జరిపి జరిపి, కేంద్రం, తాకిన రెండు చోట్లు, చుక్క కలిసి చతురస్రం కావాలంది. దూరం మూడు రూట్ రెండు. అది నేను చెప్పలేదు, తనే కనుక్కుంది.

అప్పుడు చెప్పాను, లెక్కలు రాక చదువు మానలేదని. ఎందుకు మానానో కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "మరి ఇన్నాళ్ళూ అలా ఎందుకు చెప్పావ్?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు.

మర్నాడు ఇంటిగ్రేషన్ లెక్క తెచ్చింది. అరగంట కుస్తీ పట్టాను, రాలేదు. ఇదివరకైతే "నాకెక్కడ వస్తాయి" అనేసేదాన్ని. ఈసారి "మర్చిపోయానమ్మా, మళ్ళీ చదవాలి" అన్నాను. సెలవులయ్యాక తను వెళ్తూ పాత టూ బీ పుస్తకం నాకోసం వదిలేసి వెళ్ళింది. మధ్యాహ్నం అత్తయ్యగారు పడుకున్నాక రోజుకి రెండు లెక్కలు చేస్తున్నాను.

పిల్లల ముందు సరదాకైనా "నాకు రాదు" అనేస్తుంటాం కదా మనం. ఒక్కసారి ఆలోచించండి. అది నిజంగా రాకేనా?