పత్తర్‌గట్టి నయ్

మొన్న గ్రూపులో ఒక చెల్లె "హాస్టల్ దగ్గరున్న కుక్కకి ఒంటినిండా పుండ్లు, ఏం పూయాలె?" అని అడిగితే పదిమంది పది మందులు చెప్పారు. అందులో మూడు మేము చేసి చూసినవే. చేసి ఒక మూగజీవిని ఇంకా గోస పెట్టినవే. అందుకే రాస్తున్నం. కొంచెం పొడుగుంటది, ఓపిక చేసుకోండి.

మేమంటే ముగ్గురం. ఒకరిది ఉట్నూరు దిక్కు గోండు గూడెం, ఒకరిది ఇల్లందు దగ్గర కోయ పల్లె, ఒకరిది దేవరకొండ తండా. బయట మనోళ్ల మధ్య ఉన్న లొల్లిని రూములోకి రానియ్యొద్దని మొదటి నెలలోనే ఒప్పందం చేసుకున్నం. చదువు సిటీ కాలేజీల. రూము పత్తర్‌గట్టి వెనక సందులో, మూడో అంతస్తు మీద రేకుల గది. సాయంత్రాలు ఒకరు బట్టల దుకాణంల, ఒకరు ఛత్తా బజార్‌లో పెండ్లి కార్డుల ప్రెస్సుల పని చేస్తాం. మూడో ఆయనకి ఏ పనీ కుదరలేదు, వంట ఆయనదే.

చూడనోళ్లకి చెప్పాలంటే, పత్తర్‌గట్టి అంటే మదీనా నుంచి చార్‌కమాన్ దాకా రోడ్డుకి రెండు దిక్కులా రాతి కమాన్ల వరుస. 1908లో మూసీ వరద వచ్చి పట్నం సగం కొట్టుకుపోయినంక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి రోడ్లు వెడల్పు చేసి, గ్రానైటుతో కట్టిన దుకాణాలు ఇవి. ఆ కాలంలోనే నిజాం సర్కారు మన అడవుల్ని రిజర్వు చేసుకుంటూ వచ్చింది. ఆ సంగతి ఈ కమాన్ల కింద నడిచేటప్పుడు మాకు ప్రతిసారీ గుర్తొస్తది. గని ఎండాకాలం ఆ రాయి చల్లగా ఉంటది, అది కూడా నిజమే. కుక్కలకి ఆ సంగతి మనకంటే ముందు తెలుసు.

2023 ఆగస్టులో ఆ కమాన్ కిందే కనబడింది. ఏడాది వయసుంటదేమో, మగది, ఎర్ర రంగు. ఎర్ర రంగని తర్వాత తెలిసింది. అప్పుడు సగం ఒంటికి వెంట్రుకలు లేవు. పొట్ట కింద తోలు ఏనుగు తోలు లెక్క నల్లగా, మందంగా అయింది. చెవుల్లోంచి పులిసిన వాసన. పగలూ రాత్రీ గోక్కోవడమే. గోకి గోకి అలసిపోయి కూర్చునే నిద్రపోయి, నిద్రలో మళ్లీ గోక్కునేది. కాళ్ల వేళ్ల మధ్య నాకి నాకి వెంట్రుకలు తుప్పు రంగుకి వచ్చినయ్.

దుకాణాలోళ్లు తరిమేవాళ్లు. వాళ్లని తప్పు పట్టలేం. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపినయ్. ఆ వీడియో చూడనోళ్లు పట్నంల లేరు. పిల్లల్ని పట్టుకుని బట్టలు కొననీకి వచ్చే తల్లులు గజ్జి కుక్కని చూసి భయపడకుంటే ఏం చేస్తరు?

ఉట్నూరాయన దాన్ని "నయ్" అని పిలిచాడు. గోండిలో నయ్ అంటే కుక్కే. సందులో పిల్లలు "నామ్ క్యా ఇస్కా?" అని అడిగితే "నయ్" అన్నాడు. "నామ్ నై?" అన్నారు వాళ్లు. పేరు లేదా అని. ఇప్పటికీ సగం మందికి ఆ కుక్క పేరు లేనిదే.

ముందు మేం చేసిన తప్పులు చెప్తాం. గజ్జి అనుకున్నం. ఊర్ల చేసినట్టు కానుగ నూనెలో పసుపు కలిపి రాసినం. నాకి వాంతులు చేసుకుంది. తర్వాత ఒక మెకానిక్కు చెప్పిండని కాలిన ఇంజన్ ఆయిల్ తెచ్చి పుండ్ల మీద పూసినం. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. అది తోలుని కాలుస్తది, నాకితే కడుపులోకి పోతది. ఆ రాత్రి అది అరిచిన అరుపు ముగ్గురం విన్నం. ఎవరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలేదు.

మర్నాడు ఆటోకి డబల్ కిరాయి ఇచ్చి నారాయణగూడ పశువుల పెద్దాసుపత్రికి తీసుకపోయినం. అక్కడ డాక్టరమ్మ బ్లేడుతో తోలు గీకి మైక్రోస్కోపు కింద చూసింది. గజ్జి పురుగులు లేవన్నది. తర్వాత టేపు అంటించి తీసి చూస్తే బూజు లాంటిది, బాక్టీరియా బాగా పెరిగి ఉన్నయి. "ఇది పైన వచ్చిన రోగం. అసలుది ఎలర్జీ" అన్నది.

మాకు నవ్వొచ్చింది. ఎలర్జీ అంటే బంజారాహిల్స్ కుక్కలకి వచ్చేది అనుకున్నం. చెత్తకుండీలో తిని పెరిగినదానికి ఎలర్జీ ఏంది? ఆమె ఓపికగా చెప్పింది. కుక్కలకి ముఖ్యంగా మూడు రకాలుగా వస్తదట. ఒకటి గోమార్ల కాటు. దాని ఉమ్ము పడనిదానికి రెండు మూడు కాట్లు చాలు, వీపు వెనక భాగం మొత్తం గోక్కుంటది. రెండోది తిండి. మూడోది గాలిలో, దుమ్ములో ఉండేవి. కంటికి కనబడని దుమ్ము పురుగులు, పుప్పొడి, బూజు. నయ్ పడుకునేది బట్టల దుకాణం బయట పడేసే గోనె, పీలికల మూట మీద. రాత్రంతా ఆ దుమ్ములో మూతి పెట్టుకుని పడుకునేది. "నయం కాదు, అదుపులో పెట్టుకోవాలె. బతికినన్నాళ్లు" అన్నది.

బతికినన్నాళ్లు అన్న మాట మెట్లు దిగేటప్పుడు బరువుగా అనిపించింది. మాకే రూము కిరాయి నెలనెలా సరిగా ఎల్లదు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతదో మీకందరికీ తెలుసు. ఆ రాత్రి గొడవైంది. "మా అమ్మ మోకాళ్ల నొప్పికి మందు లేదు, కుక్కకి మందా?" అన్నడు దేవరకొండ ఆయన. దానికి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మర్నాడు పొద్దున యాంటీబయాటిక్ మాత్రలు కొనుక్కొచ్చింది మాత్రం ఆయనే.

రాసిచ్చినవి మూడు. తోలు ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్, వారానికి రెండుసార్లు క్లోర్‌హెక్సిడిన్ షాంపూతో స్నానం, దురదకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రెండు వారాలు. షాంపూ గురించి ఒక మాట. రుద్ది వెంటనే కడిగేస్తే దండగ. పది నిమిషాలు ఒంటి మీద ఉండాలె. పది నిమిషాలు తడిసిన కుక్కని పట్టుకుని కూర్చోవడం అంటే డిగ్రీ పరీక్ష కంటే కష్టం. ముగ్గురిలో ఒకరు పట్టుకోవడం, ఒకరు రుద్దడం, ఒకరు ఫోన్‌లో టైం చూడడం.

స్టెరాయిడ్ వేసిన మూడో రోజుకి గోకుడు ఆగింది. మొదటిసారి కాళ్లు చాపుకుని పక్కకి ఒరిగి పడుకుంది. మేము చచ్చిపోయిందేమో అనుకుని లేపినం.

అక్కడే మా అసలు తప్పు మొదలైంది. రెండు వారాలు అయినంక మాత్ర తగ్గించి ఆపితే దురద మళ్లీ వచ్చింది. మాత్ర చవక. పాత చీటీ చూపిస్తే మెడికల్ షాపులో ఇచ్చేవాళ్లు. డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ పోవాలంటే ఆటో కిరాయి, ఒక రోజు పని పోవుడు. అట్ల అయిదు నెలలు మేమే ఇచ్చుకుంటూ పోయినం. నీళ్లు మస్తు తాగేది, ఊకె మూత్రం పోసేది, ఎంత పెట్టినా ఆకలే. పొట్ట కిందికి జారింది. మేము "లావైతుంది, మంచిగైతుంది" అని మురిసినం. అవన్నీ ఆ మందు ఎక్కువైన గుర్తులని తెలవదు.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకి ముగ్గురం పోయినం. సమ్మక్క సారలమ్మ దగ్గరికి పోకుండా ఉంటమా? సందులో ఒక పిల్లగానికి గట్క, మాత్రలు అప్పజెప్పినం. గట్క పెట్టిండు, మాత్రలు మర్చిపోయిండు. పన్నెండేళ్ల పిల్లగాడు, వాన్ని ఏమంటం? అయిదో రోజు వచ్చేసరికి నయ్ కమాన్ కింద లేవలేక పడి ఉంది. వాంతులు. కాళ్లు వణుకుతున్నయి. పిలిస్తే తోక కొస మాత్రం కదిలింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది. స్టెరాయిడ్ చాలాకాలం బయటినుంచి ఇస్తే ఒంట్లో ఆ పని చేసే గ్రంథి నిద్రపోతదట. ఒక్కసారిగా ఆపితే లోపల తయారయ్యేది లేక, బయటినుంచి వచ్చేది లేక శరీరం కూలబడుతది. సెలైన్ ఎక్కించి, మళ్లీ మాత్ర మొదలుపెట్టి, వారాల లెక్కన మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చింది. ఏ రోజు ఎంత వేయాలో పెండ్లి కార్డు వెనక రాసి గోడకి అంటించినం. స్టెరాయిడ్ చెడ్డ మందని మేము అనడం లేదు. దాన్ని డాక్టర్ని అడగకుండా పొడిగించొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు, అంతే. మనుషులది మిగిలింది కదా అని పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ అసలే ఇయ్యొద్దు. కుక్క ప్రాణం పోతది.

అప్పుడు తిండి పరీక్ష పెట్టమన్నది. ఇంతవరకు ఎన్నడూ తినని మాంసం ఒకటి, తినని ధాన్యం ఒకటి. ఎనిమిది వారాలు అవి తప్ప ఇంకేం పెట్టొద్దు. పాతబస్తీ కుక్క తినని మాంసం ఏముంటది? పెద్దకూర, కోడి, మేక అన్నీ తిన్నదే. చివరికి చేప అనుకున్నం. బేగంబజార్ చేపల మార్కెట్‌ల పొద్దుగూకినంక మిగిలినవి అగ్గువకి తెచ్చి, ఉడకబెట్టి, ముళ్లు ఏరి, జొన్న గట్కలో కలిపి పెట్టినం. ఉప్పు లేదు, కారం లేదు. ఉట్నూరాయన ఊరినుంచి జొన్నలు మోసుకొచ్చిండు. పత్తర్‌గట్టిలో మా గూడెం కూడు తిన్న మొదటి కుక్క ఇదే అయి ఉంటది.

రెండు వారాలు కాలేదు, రంజాన్ వచ్చింది. రంజాన్‌లో పత్తర్‌గట్టి రాత్రి పడుకోదు. తెల్లారేదాకా జనం, అత్తరు, సేమ్యా, హలీమ్ బట్టీలు. పోయిన ఏడాది తరిమినోళ్లే, వెంట్రుకలు వచ్చినంక నయ్‌ని ముద్దు చేసి హలీమ్ పెట్టినరు. గోధుమ, మాంసం, నెయ్యి, పైన వేయించిన ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ కుక్కల రక్తాన్నే దెబ్బతీస్తది, బిర్యానీలది కూడా. నాలుగో రోజుకి చెవులు ఎర్రగా వాచినయ్. ఎవరినని ఆపుతం? ప్రేమతో పెడుతున్నరు.

బట్టల దుకాణం చాచా గురించి ఇక్కడ చెప్పాలె. ఆయన కుక్కని ముట్టడు. నమాజుకి పోయే మనిషి, కుక్క ఉమ్ము తగిలితే మళ్లీ కడుక్కోవాలె. మొదట్లో మేము దాన్ని ఆయన మెట్ల మీద కూర్చోబెడితే మస్తు కోపం చేసిండు. గని దాహంతో ఉన్న కుక్కకి బావిలోంచి తన బూటుతో నీళ్లు తోడి తాగించినోన్ని అల్లా మన్నించిండని మాకు చెప్పింది కూడా ఆయనే. దుకాణం బయట మట్టి మూకుడులో నీళ్లు రోజూ మారుస్తడు. మా గోస చూసి, పండుగ అయినంక మళ్లీ మొదలుపెట్టమన్నడు. మొదలుపెట్టినం.

జూన్‌కల్లా గోకుడు సగానికి తగ్గింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఒక పెద్దకూర ముక్క పెట్టి చూస్తే వారంలోపే పొట్ట ఎర్రబడింది. కోడికూర పెడితే ఏం కాలేదు. సగం తిండిది, సగం దుమ్ముది అని తేలింది. దుమ్ము సగానికి మందు లేదు. వానాకాలం వస్తే మళ్లీ మొదలైతది. పీలికల మూట బదులు ఉతికే చాప వేసినం, స్నానం మానలేదు, దురద మరీ పెరిగితే డాక్టర్ని అడిగి కొన్ని రోజులే మాత్ర. స్టెరాయిడ్ కాని కొత్త దురద మాత్రలు కూడా ఉన్నయట. ఒక్క మాత్ర ధర విని వెనక్కి వచ్చినం.

ఈసారి, అంటే 2025 రంజాన్‌కి, ప్రెస్సులో మిగిలిన ముత్యాల రంగు పెండ్లి కార్డు మీద ఉర్దూలో, తెలుగులో "ఈ కుక్కకి ఏమీ పెట్టకండి, రోగం ఉంది" అని అచ్చు వేసి మెడకి కట్టినం. జనం ఆగి చదివేవాళ్లు. ఒకాయన "షాదీ కిస్కీ హై?" అన్నడు.

ఇంటి ఓనరు మాత్రం మారలేదు. అంటురోగం కాదని డాక్టర్ చీటీ చూపించినా రూములోకి తెస్తే ఖాళీ చేయమంటడు. స్నానం ఇప్పటికీ సందులో నల్లా దగ్గరే, తెల్లారగట్ల.

వచ్చే నెల మా డిగ్రీ అయిపోతది. ఉట్నూరు తీసుకపోదామని ఆయన పట్టు. అక్కడ గోమార్లు, గడ్డి, పిడుదులు, ఊరకుక్కల కొట్లాట, పశువుల డాక్టర్ దగ్గరికి ఎంత దూరం పోవాలో. ఇక్కడ చాచా నీళ్లు, చల్లని రాయి, తెలిసిన డాక్టరమ్మ. మూడు రాత్రులు వాదించుకున్నం. చివరికి ఇక్కడే అనుకున్నం. చాచా మాత్రల డబ్బా గల్లాపెట్టె పక్కన పెట్టుకుంటనన్నడు. గట్క ఉండలో దాచి మూకుడులో వేస్తే చాలు, ముట్టాల్సిన పని లేదు. గని స్నానం చేయించలేడు.

మా రూములోకి జూన్‌లో సిటీ కాలేజీకి వచ్చే తమ్ముళ్లు ఎవరన్నా దిగుతామంటే మెసేజ్ పెట్టండి. కిరాయి మేమే మాట్లాడిపెడతం. బక్కెట్టు, షాంపూ, గోడ మీది కార్డు వదిలి పోతున్నం. రోజుకి రెండు గట్క ఉండలు, బుధవారం, ఆదివారం స్నానం. పది నిమిషాలు ఫోన్‌లో చూసి మరీ పట్టుకోవాలె. పేరు పెట్టి పిలిస్తే వస్తది. నయ్ అనండి, నై అన్నా వస్తది.