జిద్దా నుంచి దమ్మపేట ఎంత దూరం?

మా పెద్దోడికి జిద్దాలో ఇంటి డ్రైవర్ నౌకరీ ఖాయమైంది. మొన్న ఇషా తర్వాత ఫోన్ చూపించాడు. "అబ్బా, జిద్దా నుంచి హైదరాబాద్ నాలుగు వేల నూరు కిలోమీటర్లే. ఐదు, ఐదున్నర గంటలే. ఏమన్నా ఐతే వెంటనే వచ్చేస్తా."

నేను ఏమీ అనలేదు. నా దిల్‌లో 2016 మే నెల జుమా రోజు మెదిలింది.

ఆ రోజు ఫజర్ వేళ, 4.45కి మా అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యారు. తమ్ముడు అప్పుడు జిద్దాలోనే ఇంటి డ్రైవర్. అక్కడ మనకంటే రెండున్నర గంటలు వెనక. రాత్రి రెండుంబావుకి ఫోన్ చేసి లేపాను. "భాయ్, నేనొచ్చేదాకా ఆపండి" అని ఏడ్చాడు.

వాడి పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గరుంది. ఎగ్జిట్ రీ-ఎంట్రీ ఆయనే ఇవ్వాలి. అక్కడ జుమా సెలవు. ఆయన ఫోన్ ఎత్తేసరికి మన దగ్గర మధ్యాహ్నం దాటింది. టికెట్ రాత్రి పదకొండు గంటల ఫ్లయిట్‌కి దొరికింది.

ఇక్కడ మే నెల ఎండ. జుమా నమాజ్ తర్వాత అనుకున్న జనాజాను అసర్ దాకా ఆపాం. పెద్దలు నా మొహం చూస్తున్నారు. ఫైసలా నాదే. అమ్మీ పరదా వెనక నుంచి అన్నది: "మయ్యత్‌ను ఇంతకంటే ఆపొద్దు బేటా. వాడికి నేను చెప్పుకుంటా." ఆఖరి దీదార్‌కి వాట్సాప్‌లో ఫోటో పంపి, అసర్ తర్వాత దఫన్ చేశాం.

వాడు శనివారం పొద్దున ఆరు ముప్పావుకి శంషాబాద్‌లో దిగాడు. ఖమ్మం, సత్తుపల్లి మీదుగా ఇంకో మూడు వందల కిలోమీటర్లు. పామాయిల్ తోటలు దాటి ఇంటి గడప తొక్కేసరికి మధ్యాహ్నం మూడు. ఫ్లయిట్ ఐదు గంటలే, సఫర్ మాత్రం ముప్ఫై నాలుగు గంటలు పట్టింది.

సామాన్లో అబ్బాజాన్ కోసం ఎప్పుడో కొన్న అత్తరు సీసా ఉంది. ఖబర్ దగ్గర ఫాతెహా చదివి, మూత తీయకుండానే దాన్ని మళ్లీ జేబులో వేసుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

2021 మార్చి నుంచి సౌదీలో కంపెనీ వర్కర్లు ఎగ్జిట్ రీ-ఎంట్రీకి తామే దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. ఇంటి డ్రైవర్లను, ఇంటి పనివాళ్లను మాత్రం అందులో కలపలేదు. మావాడు వెళ్లేది ఆ పనికే.

అందుకే వాడితో ఇంతే చెప్పాను: "కిలోమీటర్లు తర్వాత చూద్దాం బేటా. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంటుంది, సెలవు రోజు ఫోన్ ఎత్తేదెవరు, అర్జెంట్ టికెట్‌కి పైసలెక్కడివి, ఈ మూడూ రాసి మీ అమ్మీకి ఇచ్చి పో."

ఇంకో మాట కూడా చెప్పాను. "నా విషయంలో మాత్రం ఆపమని అడగొద్దు. నీ తమ్ముడి మీద ఆ ఫైసలా బోఝ్ పెట్టొద్దు."

వాడు ఫోన్ పక్కన పెట్టేశాడు. మీ ఇంట్లోనూ ఎవరైనా పరదేశ్ వెళ్తుంటే, ఈ మాటలు వెళ్లకముందే మాట్లాడుకోండి. అల్లా అందరి సఫర్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.