కాలు ఆనే నేల

విజయనగరం కోటకి దగ్గర్లో పెరడూ, నుయ్యీ ఉన్న పాత పెంకుటిల్లు అది. అందులో ఓ మామ్మగారు. వయసు 78. ఇంట్లో ముచ్చటైన కొత్త బాత్రూమ్ కట్టించినా ఆవిడ మాత్రం తెల్లారగట్ల చెంబు పట్టుకుని నూతిగట్టు దగ్గరికే వెళ్ళేవారు. "చలిలో ఎందుకత్తయ్యా?" అని కోడలు అడిగితే "అలవాటైపోయిందమ్మా" అని దాటేసేవారు. పెద్దవాళ్ళ చాదస్తమని అందరూ ఊరుకున్నారు.

అసలు సంగతి కనిపెట్టింది మనవరాలు. ఓ మధ్యాహ్నం మామ్మ బాత్రూమ్ గుమ్మంలో నిలబడి, గోడ పట్టుకుని, పాదం కొస లోపల ఆనించి, వెనక్కి తీసేసుకుంది. చెబితే అంత ఖర్చుపెట్టి కట్టించిన కొడుకు చిన్నబుచ్చుకుంటాడని మనసులోనే దాచుకుంది.

ఆ బాత్రూమ్‌లో గోడా తెలుపే, నేలా తెలుపే. రెండడుగుల పలకలు. షాపులో దీపాల కింద అద్దంలా మెరుస్తుంటే అందరికీ నచ్చాయి. చెప్పులు విప్పి, పలక మీద కాసిని నీళ్ళు పోసి నిలబడి చూడాలని ఎవరికీ తట్టలేదు. ఎవరికి తడుతుంది? టైల్స్ మనం కంటితో కొంటాం, కాలితో వాడతాం.

నున్నటి పలకకీ పాదానికీ మధ్య నీటిపొర పరుచుకుంటే పట్టు పోతుంది. సబ్బు కలిస్తే మరీనూ. అదే గరుకు నేలైతే నీళ్ళు పల్లాల్లోకి దిగుతాయి, మెట్టల మీద పాదం ఆనుతుంది. మామ్మగారి నూతిగట్టు బండకున్న ఉలి గాట్లు చేసే పని ఇదే. రోలు నునుపెక్కితే గాట్లు పెట్టించుకున్న తరానికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. అలాగని పాతదంతా బంగారమేం కాదు. వానాకాలంలో ఆ బండకీ పాకుడు పడుతుంది. ఇటుకముక్కతో వారం వారం రుద్దాల్సిందే.

మార్పులకని పిలిచిన మేస్త్రి లోపలికి చూస్తూనే అన్నాడట: "అమ్మా, ఇది గోడకేసుకునే సరుకండి. నేలకేస్తే కాలు నిలుస్తాదేటండీ?"

అతనన్నది నిజమే. గోడ టైల్ తన బరువులో 10 శాతానికి పైగా నీరు పీల్చుకుంటుంది, బలమూ తక్కువ. విట్రిఫైడ్ టైల్ పీల్చేది అర శాతం లోపే. కానీ నీరు పీల్చనంత మాత్రాన జారదని కాదు. పాలిష్ పెడితే అదీ జారుతుంది. ఇందుకు జర్మనీవాళ్ళు ఓ పరీక్ష పెట్టారు. టైల్స్ పరిచిన బల్ల మీద సబ్బునీళ్ళు పారిస్తూ మనిషిని ఒట్టికాళ్ళతో నడిపిస్తారు. బల్లని కొద్దికొద్దిగా ఏటవాలు చేస్తూ పోతారు. కాలు జారిన కోణాన్ని బట్టి ఎ, బి, సి తరగతులు. 12 డిగ్రీలకి ఎ, 18కి బి, 24కి సి. బూట్లు తొడిగి, నూనె పోసి చేసే ఇంకో పరీక్షలో ఆర్9 నుంచి ఆర్13 దాకా ఇస్తారు. కేటలాగులో ఆర్9 కనిపించగానే మురిసిపోకండి, వాటిలో అన్నిటికన్నా కింది మెట్టు అదే.

గోడలు పగలగొట్టలేదు. నేల మాత్రం మార్చారు. స్నానం చేసే మూల నాలుగంగుళాల మ్యాట్ టైల్స్ వేశారు. చిన్న పలకలైతే జాయింట్లు ఎక్కువ, కాలికి పట్టు దొరుకుతుంది. పైగా నాలుగు వైపుల నుంచీ తూము దగ్గరికి వాటం సరిగ్గా కుదురుతుంది. రెండడుగుల పలకని అలా ఒంచడం ఏ మేస్త్రి తరమూ కాదు.

గుమ్మం దగ్గర మెట్టుకి మాత్రం టెక్కలి నీలి గ్రానైట్ తెప్పించారు. పక్క జిల్లా రాయి. విదేశాలకు ఎగుమతయ్యే రాయి మన గుమ్మంలోకి రావడానికి ఇన్నాళ్ళు పట్టింది! దాన్ని పాలిష్ చేయించకుండా మంటతో కాల్పించారు. ఆ వేడికి పైనున్న పలుకులు చిట్లి రాలిపోయి రాయి గరుకు తేలుతుంది. తెల్లటి నేల పక్కన ఆ ముదురు రంగు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తెలుపు మీద తెలుపైతే మెట్టు ఎక్కడుందో శుక్లాల కళ్ళకి ఆనదు కదా.

కోడలికి మాత్రం పని పెరిగింది. గరుకు నేల సబ్బుమురికిని పట్టేస్తుంది. మాపు తిప్పితే పోదు, బ్రష్షుతో తోమాలి. యాసిడ్ పోద్దామంటే జాయింట్లలో సిమెంటు తినేస్తుంది. వారానికోసారి ఆవిడ సణుగుతూనే తోముతోంది.

సిమెంటు ఆరిన నాలుగో రోజు మామ్మగారు ఒట్టికాళ్ళతో మెట్టెక్కారు. పాదంతో నేలని రెండుసార్లు రాసి చూశారు. తర్వాత గోడ వదిలేశారు.

"ఒసే, పెరట్లో నా పీట ఉంటుంది, ఇలా పట్రా" అన్నారు మనవరాలితో.