అత్తమ్మ వాళ్ల భవంతి

పెద్దవంగరలో మా అత్తగారిల్లు గూనపెంకుల భవంతి. కొత్త కోడలిగా వచ్చిన రోజే అర్ర దర్వాజకు నుదురు కొట్టుకుని బొప్పి కట్టింది. "ఇల్లు నీతోని మొక్కించుకున్నది బిడ్డా" అని అత్తమ్మ నవ్వింది.

నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ వసారాలు, వాటి వెనక అర్రలు. కోస్తావాళ్లు మండువా లోగిలి అంటారే, అదే. వానొస్తే నాలుగు వైపుల నీళ్లూ వాకిట్లోకే జారి, తూములోంచి బయటికి పోతాయి. మట్టి గోడలు మూరెడు మందం. వాటిమీద డంగుసున్నం. ఎద్దులు తిప్పే గానుగలో సున్నం, ఇసుక నలగ్గొట్టి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపేవారట. అందుకే మే నెలలో కూడా మధ్యాహ్నం ఫ్యాను లేకుండానే కునుకు పడుతుంది. వంటింటికి మాత్రం జానెడు కిటికీ. కట్టించిన మగవాళ్లెవరూ అక్కడ పొయ్యి ఊది ఉండరు!

"2016లనే ఊరు మండలమైంది, మనం ఇంక పెంకుల కిందనేనా వదినా?" అని కూలగొట్టి స్లాబు వేద్దామంటున్నాడు మరిది. అతన్నీ తప్పుపట్టలేను. కోతులు పెంకులు పగలగొడుతున్నాయి, సర్దేవాళ్లు దొరకట్లేదు. అత్తమ్మ ఒక్కటే అంది: "దూలాలు మాత్రం అమ్మకుండ్రి."

వంటిల్లొక్కటే కొత్తగా కడదాం, పెంకులకు నా చీటీ డబ్బులిస్తానన్నాను. మరిది ఇంకా జవాబు చెప్పలేదు.