హిట్టు లేకపోవడం కలిసొచ్చింది

ఒకే ఒక్క పాటతో లోకమంతా మోగిపోయిన బృందాల గతి తెలిసిందే. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా జనం ఆ పాటే అడుగుతారు. పాడేవాడికి మొహం మొత్తినా పాడక తప్పదు, టిక్కెట్లు తెగింది దాని పేరు మీదే కదా. ఆ శాపం తగలకుండా ముప్పై ఏళ్లకు పైగా హార్డ్ రాక్ వాయిస్తున్న అమెరికన్ బృందం ఒకటుంది. పేరు క్లచ్. మన దగ్గర రాక్ వినేవాళ్లలోనూ ఈ పేరు చెబితే కారు గుర్తొచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే రాయాలనిపించింది.

వాళ్లది మేరీలాండ్ రాష్ట్రంలోని జర్మన్‌టౌన్, వాషింగ్టన్ మహానగరానికి శివారు. హైస్కూలు స్నేహాల్లోంచి 1991లో జట్టు కట్టారు. గిటార్ టిమ్ సల్ట్, బేస్ డాన్ మెయిన్స్, డ్రమ్స్ జాన్-పాల్ గాస్టర్. మొదట్లో పాడిన అబ్బాయి తొందరగానే తప్పుకుంటే ఆ చోటులోకి నీల్ ఫాలన్ వచ్చాడు. అప్పటి నలుగురే ఇప్పటికీ ఉన్నారు. మధ్యలో కొన్నేళ్లు మిక్ షావర్ ఆర్గన్ వాయించాడు. అతను 2019లో పోయాడు. రాక్ బృందాల్లో మనుషులు మారినంత తరచుగా పాటలు కూడా మారవు. అలాంటి చోట ఇది అరుదైన సంసారం.

పెద్ద కంపెనీల గడపలు వీళ్లూ తొక్కారు. 1993లో తొలి పూర్తి ఆల్బమ్ ఈస్ట్‌వెస్ట్ తెచ్చింది. 1998లో 'ది ఎలిఫెంట్ రైడర్స్' కొలంబియా నుంచి, 2001లో 'ప్యూర్ రాక్ ఫ్యూరీ' అట్లాంటిక్ నుంచి వచ్చాయి. ఈ రెంటి మధ్య 1999లో 'జామ్ రూమ్' సొంతంగా వేసుకున్నారు. ఆ తర్వాత డీఆర్‌టీ అనే చిన్న కంపెనీలో మూడు ఆల్బమ్‌లు చేశారు. కంపెనీ వాళ్లు ఇచ్చే అడ్వాన్సు పేరుకు బహుమానంలా కనిపిస్తుంది గానీ నిజానికి అప్పే. రికార్డింగు ఖర్చులు కూడా సాధారణంగా కళాకారుడి వాటాలోంచే కోసుకుంటారు. అది తీరేదాకా చేతికి రాయల్టీ రాదు. తీరాక కూడా రికార్డు మీద హక్కు చాలావరకు కంపెనీదే. అమ్మకాలు బ్రహ్మాండంగా ఉంటే ఈ బాధ తెలియదు. ఓ మోస్తరుగా అమ్ముడుపోయేవాళ్లకే అసలు తంటా.

2008లో వాళ్లు వెదర్‌మేకర్ మ్యూజిక్ పేరుతో సొంత లేబుల్ పెట్టుకున్నారు. డీఆర్‌టీలో చేసిన మూడు ఆల్బమ్‌ల హక్కులూ చేతికి తెచ్చుకుని, 2010, 2011లలో సొంత ముద్రతో మళ్లీ విడుదల చేశారు. 2013లో 'ఎర్త్ రాకర్' బిల్‌బోర్డ్ 200 పట్టికలో 15వ స్థానంలోనూ, 2015లో 'సైకిక్ వార్‌ఫేర్' 11వ స్థానంలోనూ దిగాయి. తమ సరుకు తామే అమ్ముకున్నాకే పట్టికలో అంత పైకి పోయారన్నమాట. స్వతంత్రత అనగానే జెండాలూ నినాదాలూ ఊహించుకుంటాం. వీళ్ల విషయంలో అది చిట్టా పుస్తకం దగ్గర మొదలైంది.

అయితే దీన్ని మరీ వీరగాథ చెయ్యకూడదు. తొలినాళ్లలో ఊరూరా వీళ్ల పేరు తెలియడానికి ఆ కంపెనీల డబ్బూ సాయపడింది. కానీ ఆ వచ్చిన జనాన్ని నిలుపుకున్నది రోడ్డు. ఏడాదిలో చాలా భాగం వ్యాన్‌లోనో బస్సులోనో గడిపే బతుకు అది.

ఇక సంగీతం. మొదటి రోజుల్లో వాళ్లది హార్డ్‌కోర్ పంక్ వైపు మొగ్గిన కరకు సంగీతం, ఫాలన్ గొంతు చించుకుని అరిచేవాడు. 1995లో బృందం పేరుతోనే వచ్చిన రెండో ఆల్బమ్‌లో వేగం తగ్గింది, ఊగు పెరిగింది. సల్ట్ గిటార్ బ్లూస్ స్వరాల మీద కట్టిన బరువైన వరుసలను పట్టుకుని తిప్పుతూ ఉంటుంది. వేళ్ల వేగం చూపించుకోవడానికి సోలోలు సాగదీయడు. ఆ నిగ్రహం నాకు నచ్చుతుంది. మెయిన్స్ బేస్ విడిగా చెవికి అందదు, తీసేస్తే మాత్రం ఇల్లు కూలుతుంది.

అయినా నా దృష్టిలో ఈ బృందానికి ప్రాణం గాస్టర్. వాషింగ్టన్‌కి గో-గో అనే సొంత సంగీతం ఒకటుంది. 1970లలో చక్ బ్రౌన్ దానికి రూపం ఇచ్చాడు. పాటకీ పాటకీ మధ్య కూడా డ్రమ్స్, కాంగాలు ఆగవు. ఆగితే ఆడేవాళ్లు వెళ్లి కూర్చుంటారని. 2020లో ఆ నగరం గో-గోని తన అధికారిక సంగీతంగా ప్రకటించుకుంది కూడా. ఆ ఊగు గాస్టర్ చేతుల్లో ఉంది. హార్డ్ రాక్‌లో దెబ్బలు సాధారణంగా నిటారుగా, సమంగా పడతాయి. ఇతని దెబ్బ రవ్వంత వాలి పడుతుంది. కర్ణాటక సంగీతం అలవాటున్న చెవికి చెప్పాలంటే, చతురశ్ర నడక మీద తిశ్ర నడక నీడ పడినట్టు ఉంటుంది. పెద్ద దెబ్బల మధ్య స్నేర్ డ్రమ్ మీద వినీ వినపడని చిన్న దెబ్బలు వేస్తూ పోతాడు. తల ఊపించే రాక్ బృందాలు వందలున్నాయి. నడుము కదిలించేవి తక్కువ, వాటిలో ఇదొకటి.

బ్లూస్ వేరు ఎంత లోతుకు పోయిందో 2007లో వచ్చిన 'ఫ్రమ్ బీల్ స్ట్రీట్ టు ఒబ్లివియన్'లో తెలుస్తుంది. బీల్ స్ట్రీట్ అంటే మెంఫిస్ నగరంలో బ్లూస్‌కి పేరుమోసిన వీధి. అందులోని 'ఎలక్ట్రిక్ వర్రీ' మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డవెల్ పాట ఆధారంగా కట్టింది. పొలం పని చేసుకుంటూ గిటార్ వాయించే మెక్‌డవెల్‌ని 1959లో జానపద సంగీత సేకర్త అలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. 'ఎలక్ట్రిక్ వర్రీ' చివరికి ఐస్ హాకీ మైదానం దాకా వెళ్లింది: వాంకూవర్ కెనక్స్ జట్టు గోలు కొట్టినప్పుడు కొంతకాలం ఇదే మోగేది. క్లచ్‌కి హిట్టు లాంటిది ఉందంటే ఇదొక్కటే.

ఫాలన్ సాహిత్యం వేరే కథ. ప్రేమలు, విరహాలు దాదాపు కనపడవు. అమెరికా అంతర్యుద్ధంలో ఏనుగుల దళం, లింకన్ హంతకుడి శవం తన దగ్గరుందని చెప్పుకునే మనిషి, రీగన్ దంపతుల ఆత్మలు తనను వెంటాడుతున్నాయని వణికే మరో మనిషి ఇతని పాత్రలు. 2018 నాటి 'బుక్ ఆఫ్ బ్యాడ్ డెసిషన్స్'లో ఒక పాట నిండా మేరీలాండ్ పీతల వంటకం చేసే పద్ధతే ఉంది, దినుసులతో సహా! గోదావరి జిల్లాల వాళ్లు పులస పులుసు మీద ఇలాంటిదొకటి కట్టి డ్రమ్స్ మీద పాడితే వినాలని నాకు మహా కోరిక. వేదిక మీద ఫాలన్ చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేసి పాడే తీరు చూస్తే హరిదాసు గుర్తొస్తాడు. నిజం చెప్పాలంటే ఈమధ్య ఆల్బమ్‌లలో ఆ ప్రవచనం గొంతు కాస్త అలవాటుగా మారింది. 2009 నాటి 'స్ట్రేంజ్ కజిన్స్ ఫ్రమ్ ది వెస్ట్' నాకు పొడిపొడిగా అనిపిస్తుంది, ఎన్నిసార్లు విన్నా.

వీళ్ల కచేరీల్లో ఒక పద్ధతి ఉంది. ఏ రాత్రి ఏ పాటలు వాయించాలో నలుగురూ వంతులేసుకుని రాస్తారు. ఇవాళ డ్రమ్మర్ వంతు, రేపు గాయకుడి వంతు. పట్టిక ఏ రెండు రాత్రులూ ఒకేలా ఉండదు. దీనివల్ల ఎప్పుడో పాతికేళ్ల కిందటి పాట కూడా చేతిలో సిద్ధంగా ఉంచుకోవాలి. అభిమానులు వరసగా రెండు మూడు ఊళ్లు వెంట తిరగడానికీ ఇది ఒక కారణం. తప్పనిసరిగా వాయించాల్సిన హిట్టు నెత్తిన ఉంటే ఈ పద్ధతి ఇంత స్వేచ్ఛగా సాగేదా? పైగా కొత్త పాటలను ముందు జనం మీద ప్రయోగించి చూసి, ఆ తర్వాతే స్టూడియోకి తీసుకెళ్తారు. మోటార్‌హెడ్, థిన్ లిజీ లాంటి పెద్దలతో కలిసి తిరిగొచ్చాక చేసిన 'ఎర్త్ రాకర్'లో పాటలు పొట్టివయ్యాయి, పరుగు అందుకున్నాయి. పెద్దల వేదిక పక్కన నిలబడి నేర్చుకున్న చదువు అది.

బలహీనత కూడా అక్కడే ఉంది. బతుకుతెరువంతా వేదిక మీద ఆధారపడితే, 2020లో వేదికలే మూతపడ్డాయి. వీళ్లు తమ చోటు నుంచే ఇంటర్నెట్‌లో కచేరీలు చేశారు. 2022లో 'సన్‌రైజ్ ఆన్ స్లాటర్ బీచ్' తెచ్చారు. తొమ్మిది పాటలే, ఒక్కటీ సాగదీయలేదు.

కొత్తగా వినదలచుకున్నవాళ్లకి నా సలహా: 2004 నాటి 'బ్లాస్ట్ టైరెంట్'తో మొదలుపెట్టండి. వాళ్ల ఆల్బమ్‌లలో అన్ని విధాలా మేలైనది అదే. మొదటిసారి మాటలు పట్టించుకోవద్దు, డ్రమ్స్ వెంట నడవండి. ఆ తర్వాత 'ఎర్త్ రాకర్'. 1993 ఆల్బమ్‌ని చివరికి ఉంచుకోండి, అందులో అరుపులు ఎక్కువ.